పక్కకి పడుకున్న చీకటి ఎల్ఫ్

పళ్ళు తయారుచేసే వాళ్ళు నోళ్ళు చూడరు. నోరు చూసేది డాక్టరు. ఆయన అచ్చు తీసి, స్లిప్పు రాసి పంపిస్తే ల్యాబుకి చేరేది ఒక ప్లాస్టర్ దవడ, దానికి రబ్బరు బ్యాండుతో బిగించిన ఆ కాగితం ముక్క. ఎన్నో పన్ను, ఏ రంగు, ఎప్పటికి కావాలి, అంతే. రంగులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. ఏ-వన్ అంటే తెలుపు. ఏ-ఫోర్ అంటే టీలో ముంచి తీసినట్టుండేది. మూడంతస్తుల భవనం వెనక గదిలో, దుమ్ము పట్టిన కిటికీ పక్కన కూర్చుని, ముప్ఫై ఏళ్ళుగా ఒకావిడ ఆ స్లిప్పుల్లో ఉన్నది ఉన్నట్టు చేసి పంపిస్తోంది. ఆమె తమ్ముడు ఆమెకి స్లిప్పక్క అని పేరు పెట్టాడు. ఆ పేరు అందరికీ అంటుకుంది. కొత్త డాక్టర్లు ఫోన్ చేసి "స్లిప్పక్క గారున్నారా?" అని చాలా మర్యాదగా అడుగుతారు, అదే అసలు పేరనుకుని.

ఒకసారి ఒక డాక్టరు ఏ-త్రీ అని రాయబోయి ఏ-వన్ అని రాశాడు. పక్కనే పేషెంటు ఫోటో కూడా పెట్టాడు. ఆ నోట్లో తెల్ల పన్ను ఒక్కటి లేదు. స్లిప్పక్క తెల్ల పన్నే చేసి పంపింది. రెండో రోజు డాక్టరు ఫోన్ చేశాడు.

"స్లిప్పు తప్పు రాశాను, ఒప్పుకుంటా. ఫోటో పంపాను కదమ్మా, చూడలేదా?"

"చూశాను సార్."

"చూసి కూడా తెల్లది చేశావా?"

"స్లిప్పులో తెల్లదే ఉంది."

ఇలా తిరిగొచ్చిన పళ్ళు ఆమె దగ్గర ఒక సొరుగు నిండా ఉన్నాయి, ఒక్కొక్కటీ దాని స్లిప్పుతో సహా. ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఆమె సొరుగు లాగుతుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పు ఆమెది కాలేదు. అలాంటి రికార్డు ఉన్న మనిషితో బతకడం ఎంత కష్టమో ఆమె తమ్ముడిని అడగాలి.

తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. పదిహేడేళ్ళ కింద, ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఫ్లాటు ముందు పారేసిన అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చి ల్యాబు బల్ల మీద పెట్టాడు. అందులో లావుపాటి పుస్తకం, రకరకాల ముఖాల పాచికలు, వేలెడంత బొమ్మలు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, కథని నోటితో నడిపే ఆట అది. ఒకరు రిఫరీ. మిగతావాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెప్తారు, అనుమానమొస్తే పాచిక తీరుస్తుంది. మూడొందల పేజీల పుస్తకం చదివే ఓపిక తమ్ముడికి లేదు. అక్కకి ఉంది. అలా స్లిప్పక్క రిఫరీ అయింది. ఆ తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఈ ఒక్క నియామకమే.

పెట్టెలో విరగని బొమ్మలు నాలుగే మిగిలాయి, అందులో మూడు ఎల్ఫ్‌లు. ఎల్ఫ్ అంటే ఎవరో తెలియనివాళ్ళకి ఒక మాట. మనిషిని తీసుకుని, సన్నగా చేసి, చెవులు సాగదీసి, ఏడువందల ఏళ్ళ ఆయుష్షు పోస్తే ఎల్ఫ్. చర్మం మీద ముడత రాదు, ఒంటికి జబ్బు రాదు, నిద్ర కూడా అక్కర్లేదు, నాలుగు గంటల ధ్యానం చాలు. మనిషి అద్దం ముందు నిలబడి కోరుకునేవన్నీ ఒకచోట చేరిస్తే వచ్చే జీవి. అక్కడితో ఆగొచ్చు. ఆటలు రాసేవాళ్ళు ఆగరు, ఒక పరిపూర్ణత వాళ్ళకి సరిపోదు. అందుకని ఉపజాతులు. నగరాల్లో ఉండి మంత్రాలు చదివే ఉన్నతులు ఒకరు, చెట్ల మధ్య విల్లు పట్టుకు తిరిగేవాళ్ళు ఇంకొకరు, భూమి కింద చీకట్లో బతికే బూడిదరంగు వాళ్ళు మరొకరు. ఆపైన సముద్రం వాళ్ళు, మంచు వాళ్ళు. ల్యాబు బల్ల దగ్గర వీళ్ళకి మేడ ఎల్ఫ్, అడవి ఎల్ఫ్, చీకటి ఎల్ఫ్ అని పేర్లు పడ్డాయి. సముద్రం వాళ్ళు చేపల ఎల్ఫ్‌లు.

పక్క వీధిలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ మేడ ఎల్ఫ్‌ని తీసుకుంది. ఎవరి భుజాలు చూసినా కొలత తప్పిందేమో అని చూసే మనిషికి ఆ పాత్ర నటించే పని లేకుండా సరిపోయింది. అడవి ఎల్ఫ్‌ని వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ తీసుకుని, పుస్తకంలోని అడవిలో ఆ రెండు చెట్లు పక్కపక్కన పెరగవని మొదటి ఆదివారమే గొడవ పెట్టుకున్నాడు. తమ్ముడు చీకటి ఎల్ఫ్‌ని ఎంచుకున్నాడు. రోజంతా లిఫ్టు గుంతలో టార్చి నోట్లో పట్టుకుని పనిచేసేవాడికి చీకట్లో అరవై అడుగులు కనపడటం కన్నా పెద్ద మంత్రం ఏముంటుంది?

బొమ్మలకి రంగులేసింది స్లిప్పక్క, పళ్ళకి వేసే సన్నటి కుంచెతోనే. మేడ ఎల్ఫ్ ముఖం ఏ-వన్. అడవి ఎల్ఫ్ బి-త్రీ. చీకటి ఎల్ఫ్‌కి ఆమె దగ్గరున్న నంబర్లలో రంగు లేదు. కొంచెం బూడిద, కొంచెం ఊదా, ఒక చుక్క పసుపు కలిపి కంటితో చూసి వేసింది. ఎంతెంత కలిపిందో ఎక్కడా రాసుకోలేదు. ఆమె జీవితంలో నంబరు లేని రంగు అదొక్కటే.

ఆ బల్లకి సొంత ఆచారం ఒకటుంది. ఆదివారం ఎవరైనా రాలేకపోతే వాళ్ళ బొమ్మని పక్కకి పడుకోబెడతారు, "ధ్యానంలో ఉన్నాడు" అంటారు. ధ్యానం కూర్చుని చేస్తారని పుస్తకంలో ఉంది కానీ, బొమ్మ కూర్చోదు. పడుకున్న బొమ్మని ఆ మనిషే వచ్చి లేపాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆట పూర్తిగా మానేసేవాళ్ళు బొమ్మని ఇంటికి పట్టుకుపోతారు. నాలుగో బొమ్మైన మరుగుజ్జు యోధుణ్ణి ఆడించిన మందుల షాపాయన ఊరు మారి వెళ్తూ అలాగే జేబులో వేసుకెళ్ళాడు. పుస్తకంలో లేని ఈ ఆచారాన్ని స్లిప్పక్క ఎలా ఒప్పుకుందని ఆశ్చర్యం అక్కర్లేదు. ఒక స్లిప్పు మీద రాసి, పుస్తకం అట్ట లోపల అంటించింది. దాంతో అది కూడా పుస్తకంలో ఉన్నట్టే అయింది.

కథ ఆరేళ్ళు నడిచింది. ఆ ఆరేళ్ళలో చీకటి ఎల్ఫ్, కాలు విరిగిన అడవి ఎల్ఫ్‌ని వీపున వేసుకుని గనిలోంచి పైకి తెచ్చాడు. మేడ ఎల్ఫ్ నోటి దురుసు వల్ల వచ్చిన మూడు తగాదాల్లో మధ్య నిలబడ్డాడు. చివరికి ముగ్గురూ మేడ ఎల్ఫ్‌ల నగరం ద్వారం ముందుకొచ్చారు. ఆ ఆదివారం స్లిప్పక్క పుస్తకం నలభై ఒకటో పేజీ తెరిచింది. చీకటి ఎల్ఫ్‌లు పుట్టుకతోనే ద్రోహులని అక్కడ రాసుంది. వెలుగు నగరం మొదటిసారి కంటపడినప్పుడు రిఫరీ తెర వెనక పాచిక వేయాలి. ఒకటో రెండో పడితే ఆ పాత్ర ఆటగాడి చేతిలోంచి రిఫరీ చేతిలోకి పోతుంది, పక్కనున్న తోడుని పొడుస్తుంది. తెర అంటే రిఫరీ ముందు నిలబెట్టే అట్ట. దాని వెనక ఏం పడిందో రిఫరీకి ఒక్కరికే తెలుస్తుంది.

స్లిప్పక్క పాచిక వేసింది. చూసింది.

"నీ వాడు లెక్చరర్‌ గారి భుజంలో కత్తి దించాడు," అంది, ఎన్నో పన్నో చెప్పినట్టు.

తమ్ముడు జోకనుకుని నవ్వాడు. "నేనేం చెప్పలేదే. నేను నీళ్ళు తాగుతున్నా."

"ఇప్పుడు వాడు నీ చేతిలో లేడు. నలభై ఒకటో పేజీ."

తమ్ముడు పేజీ చదివాడు. గ్లాసు కింద పెట్టాడు. "ఆరేళ్ళు వాడంటే నేనేనక్కా. వాడు పొడవడు."

"రెండు పడిందిరా."

"ఎవరు చూశారు? తెర వెనక నీకొక్కదానికే కదా కనపడింది. ఐదు పడిందంటే ఇక్కడ అడిగేవాళ్ళెవరు?"

"పడింది రెండు."

"ఎంతైనా రూలు రూలే కదయ్యా," అన్నాడు లెక్చరర్. కత్తి దిగింది బొమ్మకి. ఆయన మాత్రం తన భుజం పట్టుకుని కూర్చున్నాడు.

తమ్ముడు తన బొమ్మని ద్వారం ముందు నుంచి తీసి, కిటికీ గట్టు మీద పక్కకి పడుకోబెట్టాడు. "ధ్యానంలో ఉన్నాడు," అని లేచి వెళ్ళిపోయాడు. బొమ్మని మాత్రం జేబులో వేసుకోలేదు. స్లిప్పక్క పదకొండేళ్ళు ఆ ఒక్క విషయాన్నే పట్టుకుని ఉంది.

ఆటలు మనుషుల్ని దగ్గర చేస్తాయని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఏదైనా ఆట ఆడి ఉంటారా అని అనుమానం. అలాగని అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు పోలేదు. అతను వచ్చి ఆమె మిక్సీ బాగుచేసి వెళ్తాడు. అతని రెండు దవడ పళ్ళకి క్యాపులు చేసింది ఆమే, డాక్టరు స్లిప్పు ప్రకారం. ఒకే పళ్ళెంలో బిస్కెట్లు తింటారు. ఆదివారం మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు. "మీ గొడవ ఆస్తి గురించైతే కనీసం లాయరుకైనా అర్థమయ్యేది వదినా," అంది తమ్ముడి భార్య ఒకసారి. స్లిప్పక్క ఇంకో బిస్కెట్టు తీసుకుంది.

చీకటి ఎల్ఫ్ కిటికీ గట్టు మీద, ప్లాస్టర్ దవడల మధ్య పడుకునే ఉన్నాడు. ఆమె వారానికోసారి గాలి గొట్టంతో దూరం నుంచి దుమ్ము ఊదుతుంది. చేత్తో ముట్టుకోదు. ఆట మాత్రం ముగ్గురితో కుంటుతూ నడిచింది. కథలో పొడిచినవాణ్ణి ద్వారం ముందు తాళ్ళతో కట్టేసి, మిగతావాళ్ళు ఆ చుట్టుపక్కలే తిరిగారు. లెక్చరర్ పదకొండేళ్ళుగా తన కాగితంలో "ఎడమ భుజం గాయం, విల్లు లాగితే రెండు తగ్గింపు" అని రాసుకుంటూనే ఉన్నాడు.

ఈ ఏడాది ఒక ఆదివారం దర్జీ ఆవిడ విషయం తేల్చేసింది.

"మా అల్లుడు సెలవు రోజంతా మా ఇంట్లో కూర్చుని నా టీవీ చూస్తున్నాడు. వచ్చే వారం నుంచి వాణ్ణి ఇక్కడ కూర్చోబెడతా. నాలుగో కుర్చీ ఖాళీయే కదా. వాడికి ఆ నల్ల బొమ్మ కావాలట."

"ఆ బొమ్మ ధ్యానంలో ఉంది," అంది స్లిప్పక్క.

"పదకొండేళ్ళు ధ్యానమేంటమ్మా? అది కోమా."

"ఏడువందల ఏళ్ళు బతికేవాళ్ళకి పదకొండేళ్ళంటే మన లెక్కలో ఏడాది," అన్నాడు లెక్చరర్.

"మరి మీరెన్నేళ్ళు బతుకుతారు మాస్టారూ? నా మోకాళ్ళు ఇప్పటికే మెట్లెక్కనంటున్నాయి. కథ ముగిసేలోపు ఆ ద్వారం దాటాలా వద్దా?"

లెక్చరర్ సంచీలోంచి పుస్తకం తీశాడు. అదే ఆట, కొత్త ముద్రణ. "ఇందులో నలభై ఒకటో పేజీ చూడు," అన్నాడు స్లిప్పక్కతో, కొంచెం మెల్లగా. ఆ పేజీలో పుట్టుక లేదు, ద్రోహం లేదు, పాచిక లేదు. చీకటి ఎల్ఫ్‌లు భూమి కింద ఉంటారు, అందరిలాగే మంచివాళ్ళూ ఉంటారు, చెడ్డవాళ్ళూ ఉంటారు అని ఉంది. మిగతా జాగాలో వాళ్ళ జడల బొమ్మ. ఆ పేరాని ఎందుకు తీసేశారో ఒక్క ముక్క లేదు. స్లిప్పక్క ముందు పేజీలు, వెనక పేజీలు తిప్పి చాలాసేపు వెతికింది. చివరికి, "వచ్చే ఆదివారం దాకా ఆగుదాం. వాడు రాకపోతే మీ అల్లుడికే," అంది.

బుధవారం మధ్యాహ్నం ఆ పుస్తకం సంచీలో వేసుకుని తమ్ముడు పనిచేసే ఆసుపత్రికి వెళ్ళింది. లిఫ్టు మోటారు గది మేడ మీద ఉంటుంది. తమ్ముడు బోర్లించిన బకెట్ మీద కూర్చుని తీగ తాళ్ళకి గ్రీజు పట్టిస్తున్నాడు.

"ఏంటక్కా, ఇంతదూరం వచ్చావు? నీ పన్నుగానీ ఊడిందా?"

ఆమె పేజీ తీసి చూపించింది. అతను చేతులు జిడ్డుగా ఉన్నాయని పుస్తకం ముట్టుకోకుండా, మెడ చాచి చదివాడు.

"అయితే?"

"ఆ రూలు ఇప్పుడు లేదు."

"అంటే పుస్తకం తప్పు ఒప్పుకుంది. సంతోషం. పుస్తకానికి నా నమస్కారాలు చెప్పు."

"రారా మరి ఆదివారం. రాకపోతే నీ బొమ్మ దర్జీ ఆవిడ అల్లుడికి పోతుంది."

"నువ్వేం చెప్పడానికొచ్చావు?"

"అదే కదరా చెప్పాను."

"అది పుస్తకం చెప్పింది. నువ్వేం చెప్తున్నావని అడుగుతున్నా."

కింద ఎవరో బటన్ నొక్కారు. మోటారు తిరిగింది, ఆగింది.

"అప్పుడు రూలు ఉంది కదా. ఉన్న రూలు ప్రకారం నేను..."

"ఈ లిఫ్టుకీ పుస్తకముందక్కా. మొన్న నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, లోపల స్ట్రెచర్ మీద పేషెంటు. ఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా ముట్టుకోవద్దని ఉంది పుస్తకంలో. చేత్తో తిప్పి దించేశాను. కాగితం మరుసటి రోజొచ్చింది." అతను గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "బొమ్మని ఆ అల్లుడికిచ్చేయండి." గుడ్డ భుజాన వేసుకుని, "వద్దు, ఇవ్వకండి. నేనే వచ్చి పట్టుకుపోతా," అన్నాడు.

పట్టుకుపోవడమంటే ఏంటో ఆమెకి తెలుసు. ఆ రూలు ఆమె చేత్తోనే రాసింది.

ఆ వారం ఆమె ఒక స్లిప్పుని పక్కనపెట్టి, ఫోటో చూసి సరైన రంగు వేసిందని రాయగలిగితే కథ అందంగా ఉండేది. అలాంటిదేం జరగలేదు. శనివారానికి పద్దెనిమిది పళ్ళు చేసింది, పద్దెనిమిదీ స్లిప్పు ప్రకారమే.

ఆదివారం అల్లుడు ముందే వచ్చి నాలుగో కుర్చీలో కూర్చున్నాడు. మంచివాడే, బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. కిటికీ గట్టు వైపు చెయ్యి చాపబోతే అత్తగారు ఆ చేతి మీద ఒకటి వేసింది. "ఆగు. ఇంకా టైముంది." మూడు దాటాక తలుపు దగ్గర తమ్ముడు కనపడ్డాడు, చెప్పులు విప్పకుండా.

"కూర్చోను. బొమ్మ తీసుకుపోదామని వచ్చా."

తలుపు నుంచి కిటికీ దాకా ఐదారు అడుగులు. అందులో మూడు పడ్డాయి. స్లిప్పక్క తన ముందున్న అట్ట తెరని మడిచి బల్ల కింద పెట్టింది. పదిహేడేళ్ళలో ఆమె ముఖం ఆ బల్ల మీద నుంచి పూర్తిగా కనపడటం అదే మొదలు.

"మీ అందరికీ ఒక మాట. ద్వారం ముందు ఆ రోజు వాడు పొడవలేదు."

"పొడవకపోవడమేంటి!" లెక్చరర్ తన కాగితం పైకెత్తాడు. "పదకొండేళ్ళుగా భుజానికి తగ్గింపు రాసుకుంటున్నా. మరి నన్ను పొడిచిందెవరు?"

"నేను."

"రిఫరీ పొడవడం ఏ పేజీలో ఉంది?"

"ఏ పేజీలోనూ లేదు మాస్టారూ." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "పాచిక రెండే పడింది. అందులో అబద్ధం లేదు. కానీ వాడెలాంటివాడో ఆరేళ్ళు ఇక్కడే కూర్చుని చూశాను. చూసి కూడా పాచిక మాటే చెప్పాను. పుస్తకం మారకపోయినా అది తప్పేరా. నాదే."

తమ్ముడు ఎక్కడ ఉన్నవాడు అక్కడే నిలబడ్డాడు. "తెర వెనక నుంచి పొడిచావా?"

"తెర వెనక నుంచే."

"పిరికి పని."

"పిరికి పనే."

దర్జీ ఆవిడ బిస్కెట్టు నోటి దాకా తెచ్చి ఆపింది. అల్లుడు "నేను లేవాలా అత్తయ్యా?" అని గుసగుసగా అడిగాడు. "కూర్చో, కదలకు," అంది ఆవిడ.

తమ్ముడు కిటికీ దాకా వెళ్ళాడు. బొమ్మని రెండు వేళ్ళతో తీశాడు. తిప్పి చూశాడు. పదకొండేళ్ళు ఎండ తగిలిన చెంప పాలిపోయి సున్నం రంగుకొచ్చింది. కిందున్న చెంప మాత్రం ఆమె వేసిన రోజు ఎలా ఉందో అలాగే, బూడిదా ఊదా కలిసి ఉంది. జేబులో పెట్టుకుంటాడేమోనని నలుగురూ చూశారు. అతను మూలనున్న ప్లాస్టర్ బస్తాని బల్ల దగ్గరికి లాక్కుని, దాని మీద కూర్చుని, బొమ్మని ద్వారం ముందు నిలబెట్టాడు.

"లేచాడు," అన్నాడు. "ముందు నన్ను కట్టేసిన తాళ్ళు విప్పండి. ఎవరు కట్టారు?"

"నేనే," అంది దర్జీ ఆవిడ. "గట్టిగానే కట్టా."

"మరి నా భుజం సంగతి?" అన్నాడు లెక్చరర్.

"గాయం అలాగే ఉంటుంది. పొడిచిన మాట నిజం, చెయ్యి వేరే," అంది స్లిప్పక్క.

అల్లుడికి చేపల ఎల్ఫ్‌నిచ్చారు. బొమ్మ లేదు కాబట్టి సొరుగులోంచి తిరిగొచ్చిన పన్ను ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అది ఆ ఏ-వన్ పన్నే. తప్పుగా తెల్లగా ఉన్నా దూరం నుంచి బాగా కనపడింది. ద్వారం దగ్గర కాపలావాళ్ళని ఒప్పించడానికి తమ్ముడు అందరి ముందూ పాచిక వేశాడు. ఒకటి పడింది. కాపలావాళ్ళు తలుపు మూసేశారు. ముగ్గురూ కలిసి అతన్ని తిట్టారు, అతను వాళ్ళని తిట్టాడు, ద్వారం దాటడం ఆ రోజు కుదరలేదు.

వెళ్ళేటప్పుడు అతను బొమ్మని కిటికీ గట్టు మీద పడుకోబెట్టాడు.

"రంగు మళ్ళీ వేస్తానురా," అంది అక్క. "కాకపోతే అదే రంగు రాదు. ఎంతెంత కలిపానో రాసుకోలేదు."

"వద్దు." ఈసారి బొమ్మ రెండో పక్కకి పడుకుంది. పాత రంగున్న చెంప ఎండ వైపుంది. "ఇటు కూడా పాలిపోనీ. రెండు చెంపలూ ఒకటయ్యేదాకా వస్తూ ఉంటా."

ఆ తర్వాతి ఆదివారం అట్ట తెర మళ్ళీ బల్ల మీదకొచ్చింది. స్లిప్పక్క దాని వెనకే కూర్చుంది. తమ్ముడు మాత్రం రాలేదు. ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయిందని ఫోన్ చేశాడు. దర్జీ ఆవిడ కిటికీ వైపు ఒకసారి చూసి, "ధ్యానంలో ఉన్నాడు," అంది, పాచికలు అల్లుడి వైపు తోసింది.